ఇరాన్ అణు పంచాయితీలో పక్కింటివాళ్ళ మాట వినేదెవరు? (కువైట్ నుంచి)

కువైట్_కడపవాడు | 2025 అక్టోబర్ 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను కువైట్ వచ్చి 19 ఏళ్ళయింది. మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. ఇక్కడ సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. సముద్రం నుంచి నీళ్ళు లోపలికి వచ్చే కాలువ దగ్గర పెద్ద పెద్ద ఇనుప జల్లెడలు తిరుగుతూ ఉంటాయి. నాచు, చిన్న చేపలు, ప్లాస్టిక్ కవర్లు వాటికి చుట్టుకుంటాయి. అవన్నీ తీసేసి నీటి దారి తెరిచి ఉంచడం మా గ్యాంగు పని.

నిన్నటితో 2015 నాటి ఇరాన్ అణు ఒప్పందానికి భద్రతా మండలి పెట్టిన పదేళ్ళ గడువు ముగిసింది. ఇక మాకు ఆ కట్టుబాట్లు లేవని ఇరాన్ అంటోంది. పోయిన నెలాఖరులోనే బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ పట్టుబట్టి ఐక్యరాజ్యసమితి పాత ఆంక్షలను తిరిగి తెచ్చాయి. టీవీ పెడితే వాషింగ్టన్ ఏమంటుంది, టెల్ అవీవ్ ఏం చేస్తుంది, టెహ్రాన్ ఎటు తిరుగుతుంది, ఇదే చర్చ. ఈ ఒడ్డున ఉన్నవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు.

జూన్‌లో జరిగింది చెప్తాను. 13వ తేదీ శుక్రవారం, మాకు సెలవు. పొద్దున్నే ఫోన్ చూస్తే ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టిందని వార్త. 19న బుషెహర్ అణు విద్యుత్ కేంద్రం మీద కూడా దాడి చేశామని ఇజ్రాయెల్ సైన్యం ప్రతినిధి చెప్పి, తర్వాత అది పొరపాటున అన్నమాట అని వెనక్కి తీసుకున్నారు. ఆ రెండు మాటల మధ్య మేం పడిన టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేను. బుషెహర్ మాకు 300 కిలోమీటర్ల లోపే. టెహ్రాన్‌కు అది 700 పైనే. మా రాజంపేట నుంచి హైదరాబాదు పోవాలన్నా ఆ 300 కంటే ఎక్కువ దూరం. కువైట్‌లో తాగే నీళ్ళు దాదాపు 90 శాతం సముద్రం నుంచి తీసినవే. మా రూములో ఆరుగురం ఉంటాం. బకెట్లు, బిర్యానీ గిన్నె, ఐస్ పెట్టుకునే డబ్బా, ఏది దొరికితే అది నింపి పెట్టాం. కింద బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, నీళ్ళ కార్టన్లు మధ్యాహ్నానికే అయిపోయాయి.

సాయంత్రం షిఫ్టుకు వెళ్తే ల్యాబు కుర్రాడు కాలువలోంచి శాంపిల్ తీస్తున్నాడు. మామూలుగా షిఫ్టుకు ఒకటే తీస్తాడు. ఆరోజు అప్పటికే మూడోది. సీసా మూత బిగించి వెలుతురుకు ఎత్తి చూశాడు. రేడియేషన్ కంటికి కనిపించేది కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇద్దరం చూశాం.

నా ప్రశ్న ఒకటే. 2015లో ఇరాన్‌తో కూర్చుని మాట్లాడింది అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, యూరోపియన్ యూనియన్. ఈ సముద్రం నీళ్ళు తాగే దేశం ఇంకొకటి అందులో లేదు. ఊళ్ళో చెరువు తగువు వస్తే ఆయకట్టు రైతును పిలవకుండా పంచాయితీ చేస్తారా? మళ్ళీ చర్చలు మొదలైతే గల్ఫ్ దేశాలను పిలవాలా, వద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సాగరయానం | అక్టోబర్ 19, రాత్రి 10:05

అన్నా, నాది విశాఖ. ఆయిల్ ట్యాంకర్ మీద సెకండ్ ఆఫీసర్‌ని. మీ భయం ఊరికే పుట్టింది కాదు. ఈ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే. నీళ్ళు ఇరాన్ ఒడ్డు వెంట పైకి వెళ్ళి, కువైట్ వైపు తిరిగి, సౌదీ, బహ్రెయిన్, ఖతార్ ఒడ్డు వెంట కిందికి దిగుతాయి. అంటే బుషెహర్ దగ్గర నీటిలో ఏదైనా కలిస్తే ఆ ప్రవాహం ముందు మీ వైపే తెస్తుంది. బయటికి పోవడానికి హోర్ముజ్ జలసంధి ఒక్కటే గొంతు. లోపలి నీళ్ళన్నీ మారడానికి ఏళ్ళు పడుతుంది.

జూన్‌లో నేను అక్కడే ఉన్నాను. మా ఓడ జీపీఎస్ స్క్రీను మీద ఒక్కసారిగా ఎడారి మధ్యకు వెళ్ళిపోయినట్టు చూపించింది. రాడార్ పెట్టుకుని, కొండల గుర్తులు చూసుకుంటూ, పాతకాలం పద్ధతిలో నడిపాం. ఆ వారంలోనే, 17న, ఒమన్ గల్ఫ్‌లో రెండు ట్యాంకర్లు గుద్దుకుని మంటలు లేచాయి. హోర్ముజ్ బాగా ఇరుకైన చోట వెడల్పు 33 కిలోమీటర్లు. ఓడలు పోయే దారి, వచ్చే దారి ఒక్కొక్కటి 2 నాటికల్ మైళ్ళే. ఆ దారులు ఎక్కువగా ఒమన్ జలాల్లో ఉన్నాయి. అవతలి ఒడ్డు ఇరాన్‌ది. రేడియోలో ఇరాన్ నేవీ పిలిచి ఓడ పేరు, జెండా, ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడుగుతుంది, మేం చెప్తాం, వెళ్ళిపోతాం. ఏళ్ళుగా ఇలాగే నడుస్తోంది. ఈ రెండు దేశాలకూ మాట చెడితే ఆ దారిలో ఒక్క రోజు కూడా గడవదు.

ప్రశ్నార్థకం | అక్టోబర్ 19, రాత్రి 10:31

కడప అన్న బాధ నాకు అర్థమైంది. కానీ పిలిస్తే మాత్రం ఒరిగేదేంటి? నతాంజ్‌లో యురేనియం శుద్ధి కేంద్రం సంగతి ఇరాన్ వాళ్ళు 2002 దాకా దాచారు. కొండ కింద కట్టిన ఇంకో శుద్ధి కేంద్రం ఫోర్దో సంగతి 2009 దాకా బయటపడలేదు. 2021 ఏప్రిల్ నుంచి యురేనియాన్ని 60 శాతం దాకా శుద్ధి చేస్తున్నారు. కరెంటు తయారీకి అంత అక్కర్లేదు. జూన్ దాడుల నాటికి అలాంటిది 440 కిలోలు పోగైందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థే లెక్క చెప్పింది. రెండు దశాబ్దాలు మాటలతో కాలం గడిపారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటే ఇంకో రెండు దశాబ్దాలు గడుపుతారు.

తెనాలి_విద్యార్థి | అక్టోబర్ 19, రాత్రి 10:44

ఈ 60 శాతం, బాంబుకు కావాలనే 90 శాతం అంటే నిజంగా ఏమిటో ఎవరైనా వివరంగా చెప్తారా? బుషెహర్‌లో ఉన్నది కూడా అదేనా?

మౌలాలి65 | అక్టోబర్ 20, ఉదయం 6:15

నాయనా తెనాలి, నేను హైదరాబాదులో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మేం ఎక్కువగా సహజ యురేనియంతోనే ఇంధనం తయారుచేసేవాళ్ళం. అయినా లెక్క చెప్పగలను.

గనిలోంచి వచ్చిన యురేనియం వెయ్యి గింజలనుకో. అందులో పనికొచ్చే రకం, అంటే 235 రకం, 7 గింజలే ఉంటుంది. మిగతా 993 వేరే రకం. శుద్ధి అంటే ఆ వేరే గింజలను ఏరి పారెయ్యడం. 825 ఏరేస్తే 175 మిగులుతాయి, వాటిలో 7 అంటే 4 శాతం. కరెంటు రియాక్టర్‌కు అది చాలు. ఇంకో 140 ఏరేస్తే 35 మిగులుతాయి, అది 20 శాతం. ఇంకో 23 తీసేస్తే 12 మిగులుతాయి, అది దాదాపు 60 శాతం. ఆ పైన నాలుగు గింజలు తీస్తే బాంబు స్థాయికి దగ్గరైనట్టే. కష్టమంతా మొదట్లోనే అయిపోతుంది. 60 నుంచి 90కి చాలా దూరం ఉందనుకుంటారు జనం. పని లెక్కన చూస్తే అది గుమ్మం ముందుదాకా వచ్చి ఆగడమే. అంతర్జాతీయ సంస్థ కొలత ప్రకారం ఈ 60 శాతం సరుకు 42 కిలోలుంటే, ఇంకా శుద్ధి చేసుకుంటే, ఒక బాంబుకు సరిపోతుంది. 440ని 42తో భాగించుకో.

బుషెహర్ సంగతి వేరు. 1975లో జర్మన్లు మొదలుపెట్టారు. 1979 విప్లవంతో ఆగింది. ఇరాక్ యుద్ధంలో దాని మీద బాంబులు పడ్డాయి. చివరికి రష్యా వాళ్ళు పూర్తిచేశారు. 2011లో కరెంటు ఇచ్చింది. మన కూడంకుళం కూడా ఆ రష్యా కుటుంబం రియాక్టరే. దాని ఇంధనం రష్యా నుంచి వస్తుంది, వాడేసింది రష్యాకే తిరిగి వెళ్ళాలని ఒప్పందం. అందుకని బాంబు తగువులో బుషెహర్ పేరు పెద్దగా రాదు. కానీ మన కడప తమ్ముడి నీళ్ళకు ప్రమాదం అంటూ వస్తే అక్కడి నుంచే. నడుస్తున్న రియాక్టర్‌లో రేడియోధార్మిక పదార్థం టన్నుల కొద్దీ ఉంటుంది. జూన్ 20న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి గ్రోసీ గారు భద్రతా మండలిలో ఇదే చెప్పారు. నేరుగా దెబ్బ తగిలినా ప్రమాదమే, దానికి కరెంటు తెచ్చే లైన్లు తెగినా ప్రమాదమే అని. లైన్ల మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. రియాక్టర్ ఆపేసిన తర్వాత కూడా లోపల వేడి పుడుతూనే ఉంటుంది, చల్లబరచే పంపులు ఆగకూడదు. గురి తప్పిన ఒక్క బాంబు కరెంటు టవర్ మీద పడినా చాలు.

ప్రశ్నార్థకం గారికి ఒక మాట. మాటలతో కాలం గడిపారు అనడం సరికాదు. 2015 ఒప్పందంతో శుద్ధి 3.67 శాతానికి దిగింది. నిల్వ 300 కిలోలకు మించకూడదన్నారు. ఆ డిసెంబర్‌లో ఒకే ఓడలో 11 టన్నులకు పైగా శుద్ధి చేసిన సరుకు రష్యాకు వెళ్ళిపోయింది. 2018 మేలో అమెరికా తప్పుకున్న తర్వాత కూడా ఏడాది పాటు ఇరాన్ ఆ హద్దుల్లోనే ఉంది. అన్నీ తనిఖీదారులు చూసి రాసిన లెక్కలే. ఈరోజు ఆ 440 కిలోలు ఎక్కడున్నాయో చూసి చెప్పగల తనిఖీదారుడు లేడు. బాంబులు వేశాక వచ్చిన తేడా అదే.

మస్కట్_గోదావరి | అక్టోబర్ 20, మధ్యాహ్నం 1:20

నేను అమలాపురం నుంచి వచ్చి ఒమన్‌లో 11 ఏళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. మొదటి రెండేళ్ళు ఖసబ్‌లో ఉన్నాను. హోర్ముజ్‌కు ఆనుకుని ముసందం అని ఒమన్ ముక్క ఒకటి విడిగా ఉంటుంది, అక్కడి ఊరు ఖసబ్. పొద్దున్నే ఇరాన్ వైపు నుంచి చిన్న స్పీడ్ బోట్లు వరసగా వచ్చేవి. వాటిలో కాళ్ళు కట్టేసిన మేకలు. మేకలు దించేసి, అట్టపెట్టెలు ఎత్తుగా పేర్చి, తాళ్ళు బిగించి, పైన టార్పాలిన్ కప్పుకుని చీకటి పడే వేళకు వెళ్ళిపోయేవి. ఆ పడవల కుర్రాళ్ళు వేలు తెగితేనో జ్వరం వస్తేనో మా దగ్గరికి వచ్చేవాళ్ళు. కుమ్‌జార్ అని పక్కన ఒక పల్లె ఉంది. అక్కడి ముసలివాళ్ళ భాష అరబ్బీ కంటే ఫార్సీకి దగ్గర చుట్టం. ఇరాన్ అంటే వాళ్ళకు టీవీలో కనిపించే శత్రువు కాదు, ఎదురు ఒడ్డు.

ఒమన్ ఈ చర్చల్లో లేదని అనకండి అన్నా. ఉంది. 1970ల్లో దోఫార్ తిరుగుబాటు అణచడానికి ఇరాన్ షా సైన్యాన్ని పంపి సుల్తాన్ ఖబూస్‌కు సాయం చేశాడు. షా పోయాక వచ్చిన ప్రభుత్వంతో కూడా ఒమన్ మాట తెంచుకోలేదు. ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్ళు కొట్టుకున్నప్పుడూ తెంచుకోలేదు. 2016లో సౌదీ, బహ్రెయిన్ సంబంధాలు తెంచుకున్నప్పుడు కూడా వీళ్ళు ఎంబసీ మూయలేదు. ఆ నమ్మకమే తర్వాత పనికొచ్చింది. కొండల్లో నడుస్తూ ఇరాన్ సరిహద్దులో పట్టుబడిన ముగ్గురు అమెరికన్లను 2010, 2011లో విడిపించి తెచ్చింది ఒమనే. ఆ పరిచయంతోనే 2012 జూలైలో, మళ్ళీ 2013 మార్చిలో అమెరికా, ఇరాన్ అధికారులు ఎవరికీ తెలియకుండా ఇక్కడ కలిశారు. ఆ నవంబర్‌లో జెనీవాలో సంతకాలయ్యాయి. ప్రపంచం జెనీవానే గుర్తుపెట్టుకుంది.

ఈ ఏడాది ఏప్రిల్ 12న కూడా మస్కట్‌లోనే. అమెరికా దూత విట్‌కాఫ్ ఒక గదిలో, ఇరాన్ విదేశాంగ మంత్రి అరాగ్చీ ఇంకో గదిలో. మా విదేశాంగ మంత్రి బద్ర్ అల్ బుసైదీ గారు ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేశారు. రెండున్నర గంటలు. నర్సుగా నాకు ఆ పని ఎంత కష్టమో కొంచెం తెలుసు. డాక్టర్ చెప్పింది రోగి ఇంటివాళ్ళకు, వాళ్ళు అడిగింది డాక్టర్‌కు, ఒక్క మాట పెంచకుండా, ఒక్క మాట తగ్గకుండా చెప్పాలి. మన భయం మన గొంతులో కలిస్తే చాలు, అంతా తారుమారవుతుంది. అయిదు విడతలు అలా నడిచాయి. ఆరోది జూన్ 15 ఆదివారం, మళ్ళీ మస్కట్‌లోనే. రెండు రోజుల ముందు బాంబులు పడ్డాయి.

ఆ ఆదివారం నాకు నైట్ డ్యూటీ. మా వార్డులో ఒక ఒమనీ పెద్దాయన, గుండె ఆపరేషన్ అయినాయన, రాత్రంతా రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. "ఈరోజు మా ఇంటికి అతిథులు రావాల్సింది" అన్నాడు నాతో. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. బీపీ చూసి రాసుకుని వచ్చేశాను.

జగిత్యాల_బిడ్డ | అక్టోబర్ 20, సాయంత్రం 5:48

అక్కా, ఒమన్ మీద నాకు గౌరవం ఉన్నది. కానీ మాట మోసేటోనికి మాట ఉండది కదా. ఆ గదిలోకి పోయి "మా నీళ్ళ సంగతేంది" అని బుసైదీ సాబ్ అడగగలడా? అడిగితే మధ్యవర్తి అనిపించుకోడు, ఫిర్యాదీ అయితడు. కడప అన్న అడుగుతున్నది గదే. మధ్యల నిలబడేటోళ్ళు ఉన్నరు, బాధ చెప్పుకునేటోళ్ళకే చోటు లేదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. గల్ఫ్ దేశాలన్నీ ఒక్క మాట మీద ఎప్పుడూ లేవు. 2015లో సౌదీకి ఆ ఒప్పందం నచ్చలేదు. మే నెలలో ఒబామా క్యాంప్ డేవిడ్‌కు పిలిస్తే సౌదీ రాజు పోలేదు. 2018లో ట్రంప్ ఒప్పందం వదిలేస్తే సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ మంచిపని అన్నయి. ఆ తర్వాత ఏమైంది? 2019ల ఫుజైరా దగ్గర ఓడల మీద దాడులు. సెప్టెంబర్ 14న అబ్‌ఖైక్ చమురు ప్లాంటు మీద దాడితో సౌదీ చమురు ఉత్పత్తి సగం ఆగిపోయింది. అమెరికా వచ్చి కాపాడుతదనుకున్నోళ్ళు అప్పుడు ఆలోచనల పడ్డరు. ఆంబోతుల కొట్లాటల లేగలు నలిగినట్టు నలిగేది మనమే అని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

నేను దుబాయ్‌లో, అబుదాబీలో కలిపి 14 ఏళ్ళు చేసిన. అందులో మూడేళ్ళు బరాకా దగ్గర స్కాఫోల్డింగ్ పని. గది ఎమిరేట్స్ కట్టుకున్న అణు విద్యుత్ కేంద్రం, కొరియావాళ్ళు కట్టిన్రు. నాలుగు రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,400 మెగావాట్లు. 2009ల అమెరికాతో ఒప్పందం చేసుకున్నప్పుడే యురేనియం శుద్ధి మేం చెయ్యం అని ఎమిరేట్స్ రాసిచ్చింది. ఇంధనం బయట కొంటది, కరెంటు తీసుకుంటది. పక్కనోళ్ళు ఇట్ల చేసి చూపెట్టిన్రు. ఇరాన్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట చెప్పే హక్కు అమెరికాకన్నా ఎమిరేట్స్‌కే ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయం.

జూన్ 23 రాత్రి ఖతార్‌ల ఉన్న అమెరికా ఎయిర్‌బేస్ అల్ ఉదైద్ మీద ఇరాన్ మిసైళ్ళు వేసినప్పుడు నా తమ్ముడు శంషాబాద్ ఎయిర్‌పోర్టుల ఉన్నడు, దోహా ఫ్లైట్ కోసం. గల్ఫ్ మీద ఆకాశం మూసేసిన్రు. వీసా గడువు దగ్గరికొచ్చింది. ఏజెంట్ ఫోన్ ఎత్తలేదు. తెల్లారేదాకా కుర్చీలనే కూర్చున్నడు, అమ్మ ఇంటి దగ్గర అన్నం ముట్టలేదు.

పాతబస్తీ_చాయ్ | అక్టోబర్ 20, రాత్రి 8:10

రాజనీతిశాస్త్రం చెప్పే లెక్చరర్‌ని. మీ అందరి మాటలూ చదివాక నాకు అనిపించింది రాస్తున్నాను.

జగిత్యాల తమ్ముడు చెప్పిన మార్పు చాలా ముఖ్యం. 2021లో బాగ్దాద్‌లో సౌదీ, ఇరాన్ అధికారులు గుట్టుగా కలవడం మొదలుపెట్టారు. ఇరాక్, ఒమన్ చోటిచ్చాయి. 2023 మార్చి 10న బీజింగ్‌లో సంబంధాలు పునరుద్ధరించుకుంటున్నామని ప్రకటించారు. పేరు చైనాకు వచ్చింది గానీ దుక్కి దున్నింది పక్కింటివాళ్ళే. ఈ ఏడాది ఏప్రిల్ 17న సౌదీ రక్షణ మంత్రి ఖాలిద్ బిన్ సల్మాన్ టెహ్రాన్ వెళ్ళి ఖమేనీకి రాజుగారి ఉత్తరం ఇచ్చి వచ్చారు. అంతకు ముందు మార్చిలో ట్రంప్ ఉత్తరాన్ని టెహ్రాన్‌కు మోసుకెళ్ళింది ఎమిరేట్స్ దూత అన్వర్ గర్గాష్. జూన్ 13న దాడి జరిగిన రోజే "సోదర ఇస్లామిక్ రిపబ్లిక్" అని రాస్తూ సౌదీ ఆ దాడిని ఖండించింది. 2015లో సౌదీ నోటి నుంచి ఆ మాట ఎవరైనా ఊహించారా? బుషెహర్ మీద ఏమైనా జరిగితే ఖతార్‌కు నీళ్ళుండవని, ఒకప్పుడు వేసుకున్న అంచనాలో 3 రోజుల్లో నీళ్ళు అయిపోతాయని తేలిందని ఖతార్ ప్రధాని ఈ మార్చిలో ఇంటర్వ్యూలో చెప్పారు. ఆ తర్వాతే వాళ్ళు పెద్ద పెద్ద రిజర్వాయర్లు కట్టుకున్నారు. అంటే కడప అన్న భయం పాలకుల భయం కూడా.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. 2005 సెప్టెంబర్ 24న వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో ఇరాన్‌కు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానానికి భారత్ ఓటు వేసింది. అమెరికాతో మన అణు ఒప్పందం చర్చల్లో ఉన్న రోజులవి. మరోవైపు ఇరాన్‌లోని చాబహార్ రేవు మనకు కావాలి. నిరుడు మేలో పదేళ్ళ ఒప్పందం చేసుకున్నాం. ఇరాన్ చమురు 2019 మే తర్వాత కొనడం ఆపేశాం. ఈ జూన్‌లో ఆపరేషన్ సింధు పేరుతో మన విద్యార్థులను ఆర్మేనియా, తుర్క్‌మెనిస్తాన్ మీదుగా తీసుకొచ్చాం. మంచి పనే. కానీ గల్ఫ్ దేశాల్లో మనవాళ్ళు 90 లక్షల దాకా ఉన్నారు. అందరినీ విమానాలెక్కించి తెచ్చేది కాదు అది. పొరుగున ఇంతమంది మనుషులున్న దేశం ఈ పంచాయితీలో ఇంత తక్కువ మాట్లాడటం నాకు నచ్చడం లేదు.

ప్రశ్నార్థకం | అక్టోబర్ 20, రాత్రి 8:52

లెక్చరర్ గారూ, పొరుగువాళ్ళను పిలిస్తే ఇంకో చిక్కు ఉంది. ఇరాన్ బాంబు చేస్తే మేమూ వెంటనే చేస్తామని 2018లో సౌదీ యువరాజు టీవీలోనే చెప్పారు. పోయిన నెల 17న పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం కూడా చేసుకున్నారు. వాళ్ళను కూర్చోబెడితే "ఇరాన్‌కు శుద్ధి హక్కు ఇస్తే మాకూ ఇవ్వండి" అంటారు. ఒక్క నతాంజ్ పోయి మూడు నతాంజ్‌లు వస్తాయి. మౌలాలి సార్ చెప్పిన ఏడాది లెక్క ఒప్పుకుంటాను, నాకు తెలియదు. కానీ ఈ భయం మాత్రం పోలేదు.

మౌలాలి65 | అక్టోబర్ 21, ఉదయం 6:40

మీ భయం న్యాయమైనదే. దానికి మందు కూడా పొరుగువాళ్ళ దగ్గరే దొరికిన సందర్భం ఒకటుంది. బ్రెజిల్, అర్జెంటీనా. రెండూ సైనిక ప్రభుత్వాల కాలంలో గుట్టుగా యురేనియం పనులు మొదలుపెట్టినవే, ఒకదాన్ని చూసి ఒకటి. 1987లో అర్జెంటీనా అధ్యక్షుడు అల్ఫోన్సిన్ తన దేశం దాచుకున్న పిల్కానియేయు శుద్ధి కేంద్రానికి బ్రెజిల్ అధ్యక్షుడు సార్నీని స్వయంగా తీసుకెళ్ళి చూపించాడు. మరుసటేడు సార్నీ తన దేశంలోనిది చూపించాడు. 1991లో ఇద్దరూ కలిసి ఒక తనిఖీ సంస్థ పెట్టుకున్నారు. బ్రెజిల్ కేంద్రాన్ని అర్జెంటీనా ఇంజనీర్లు, అర్జెంటీనా కేంద్రాన్ని బ్రెజిల్ ఇంజనీర్లు తనిఖీ చేస్తారు. నేటికీ నడుస్తోంది. గల్ఫ్‌లో అందరూ కలిసి ఒకేచోట శుద్ధి కేంద్రం నడపాలనే ఆలోచన ఈ ఏడాది చర్చల్లో వినపడింది. ఎవరి గడ్డ మీద పెట్టాలన్న దగ్గరే పేచీ. ఇరాన్ తన గడ్డ మీదే అంటుంది. నా అనుభవంలో, ఒకే ప్లాంటులో నాలుగు దేశాలవాళ్ళు తూకం పుస్తకంలో సంతకం పెడితే గ్రాము కూడా దాచడం కష్టం. మా దగ్గర స్క్రాప్ పొడి కూడా తూచి రాసేవాళ్ళం. సాయంత్రం లెక్క కుదరకపోతే ఎవరూ ఇంటికి వెళ్ళేవాళ్ళు కాదు.

అంత పెద్దది ఇప్పుడే కాకపోతే చిన్నది చెయ్యొచ్చు. మనకూ పాకిస్తాన్‌కూ ఒక ఒప్పందం ఉంది, చాలామందికి తెలియదు. 1988 డిసెంబర్ 31న సంతకమైంది. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చెయ్యకూడదు. 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితా ఇచ్చిపుచ్చుకుంటాయి. కార్గిల్ జరిగినా ఆగలేదు, ముంబయి దాడుల తర్వాతా ఆగలేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం జనవరి 2న పేపర్లో ఆ చిన్న వార్త వెతుక్కునేవాణ్ణి. రెండంగుళాలు కూడా ఉండేది కాదు. మా ఆవిడ "ఏం వెతుకుతున్నారు" అని అడిగేది. అది కనిపించాక కాఫీ తాగేవాణ్ణి.

ఇరాన్, ఆరు గల్ఫ్ దేశాలు, ఇరాక్ కలిసి ఆ పాటి కాగితం రాసుకోవడానికి అమెరికా అనుమతి అక్కర్లేదు. బుషెహర్, బరాకా, నీళ్ళ ప్లాంట్లు, వీటి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, వేసేవాడికి ఎవరూ తమ గడ్డనుగానీ ఆకాశాన్నిగానీ ఇవ్వకూడదు. ఏదైనా లీకైతే గంటలోపు పక్కవాడికి ఫోన్ చెయ్యాలి. ఇరాన్ అణు భద్రత ఒడంబడికలో ఇంకా చేరలేదు, ఆ లోటు ఇక్కడ కొంత తీరుతుంది. శుద్ధి ఎంత శాతం అన్న తగువు పెద్దవాళ్ళు తేల్చుకునేదాకా నీళ్ళ తగువు ఆగాల్సిన పనిలేదు.

సాగరయానం | అక్టోబర్ 21, ఉదయం 9:15

మౌలాలి సార్, మీరు చెప్పిన ఎనిమిది దేశాలూ కలిసే చోటు ఇప్పటికే ఒకటుంది. 1978లో కువైట్‌లో ఒక ఒడంబడిక చేసుకున్నారు, ఈ సముద్రాన్ని కాలుష్యం నుంచి కాపాడుకోవడానికి. ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ, బహ్రెయిన్, ఖతార్, ఎమిరేట్స్, ఒమన్ అందరూ సభ్యులే. దాని కార్యాలయం రోప్మీ, కువైట్‌లోనే ఉంది. ఓడల్లోంచి నూనె నీళ్ళు వదలకూడదనే నియమాలు మాకు ఈ సముద్రంలో బాగా గట్టిగా ఉంటాయి, మా చెక్‌లిస్టులో ఆ పేజీ వేరుగా ఉంటుంది. ఇరాన్, ఇరాక్ యుద్ధం నడిచినా ఆ ఒడంబడిక చచ్చిపోలేదు. చమురు చుక్కకు ఉన్న నియమం రేడియోధార్మిక చుక్కకు ఎందుకు ఉండకూడదు?

మస్కట్_గోదావరి | అక్టోబర్ 21, మధ్యాహ్నం 12:30

జగిత్యాల తమ్ముడూ, నువ్వు అన్న మాట నిన్న రాత్రంతా ఆలోచించాను. మాట మోసేవాడికి మాట ఉండదన్నావు. నిజమే. అందుకే మోసేవాళ్ళు వేరు, అడిగేవాళ్ళు వేరు ఉండాలేమో. ఒమన్ తలుపు తెరిచి పెడుతుంది. లోపలికి వచ్చి అడగాల్సింది కువైట్, ఖతార్, బహ్రెయిన్. వాళ్ళకే నీళ్ళ బాధ ఎక్కువ. ఒమన్‌కు అటువైపు మహాసముద్రం ఉంది.

జగిత్యాల_బిడ్డ | అక్టోబర్ 21, మధ్యాహ్నం 1:05

గట్లయితే నాకు సమ్మతమే అక్కా. నా తమ్ముడు దోహా చేరిండు, పనిల ఉన్నడు. వాని రూముల ఇప్పటికీ రెండు కార్టన్ల నీళ్ళు మంచం కింద ఉంటయట. తీయనిస్తలేడు.

ప్రశ్నార్థకం | అక్టోబర్ 21, మధ్యాహ్నం 2:20

శుద్ధి విషయంలో ఇరాన్‌ను నేను ఇప్పటికీ నమ్మను. కానీ జనవరి 1 జాబితా లాంటిది నమ్మకం ఉన్నవాళ్ళు రాసుకునేది కాదని మౌలాలి సార్ మాటతో అర్థమైంది. నమ్మకం లేదు కాబట్టే రాసుకున్నారు. దానికి నేను అడ్డు చెప్పను.

కువైట్_కడపవాడు | అక్టోబర్ 21, రాత్రి 11:10

అందరికీ చేతులెత్తి నమస్కారం. షిఫ్టులో బ్రేక్ టైములో అన్నీ చదివాను. మౌలాలి సార్ వెయ్యి గింజల లెక్క మా గ్యాంగులో కేరళ అతనికి, ఈజిప్టు ఫోర్‌మన్‌కు సిమెంటు నేల మీద సుద్దముక్కతో గీసి చెప్పాను. ఫోర్‌మన్ పన్నెండు చుక్కల దగ్గర ఆగి, "ఇంత దగ్గరా" అన్నాడు. సెప్టెంబర్ 9న ఇరాన్, అంతర్జాతీయ సంస్థ మళ్ళీ తనిఖీల గురించి ఒప్పుకున్నది వాళ్ళ కైరోలోనే కదా. ఆ రోజు సంతోషంగా అందరికీ టీ పోయించాడు. ఆంక్షలు తిరిగొచ్చాక ఆ ఒప్పందానికి విలువ లేదని ఇరాన్ అన్నప్పటి నుంచి దాని ఊసెత్తడం లేదు.

విశాఖ తమ్ముడు చెప్పిన రోప్మీ పేరు 19 ఏళ్ళలో నేను ఎప్పుడూ వినలేదు. ల్యాబు కుర్రాణ్ణి అడిగితే అతనికి తెలుసు. సముద్రంలో ఎర్రనాచు పెరిగినప్పుడు, నూనె తెట్టు కనిపించినప్పుడు వాళ్ళ పేరు వింటుంటామని చెప్పాడు. "రేడియేషన్ సంగతి కూడా ఇరాన్ వాళ్ళు మనకు చెప్తారా" అని అడిగాను. "మనం కొలుచుకుంటాం" అన్నాడు. నేను అడిగింది అది కాదని అతనికి అర్థమైంది, కాసేపు ఆగి "చెప్తే బాగుండేది" అన్నాడు.

ఈ శుక్రవారం సెలవు. ఆ ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను, బుషెహర్ గురించి ఈ ఒక్క ప్రశ్నే. ఇంగ్లీషులో రాయడానికి లెక్చరర్ గారు సాయం చేస్తే మేలు.

పాతబస్తీ_చాయ్ | అక్టోబర్ 21, రాత్రి 11:32

తప్పకుండా అన్నా. ముందు తెలుగులో మీ మాటల్లోనే రాసి పెట్టండి. ఆ శాంపిల్ సీసా సంగతి వదిలెయ్యకండి.